తగాలోగ్ క్రియా విశేషణాల డైరీ: ‘ఇంకా’, ‘ఇక’ పట్టుకుని ఎనిమిది వారాలు

నేను ఫిలిప్పీన్స్‌లో, మనీలా శివార్లలో మెడిసిన్ చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లిష్, వార్డులో ఇక్కడి జనం మాట్లాడే తగాలోగ్. క్లాసుల వరకు ఇంగ్లిష్‌తో లాగించేయొచ్చు కానీ, అవుట్ పేషెంట్‌లో కూర్చున్న ముసలావిడ తన కడుపునొప్పి గురించి తగాలోగ్‌లోనే చెబుతుంది. నామవాచకాలు, క్రియలు ఎలాగో వచ్చేశాయి. ఎప్పట్నుంచి, ఎంత తరచుగా, ఇంకా ఉందా, తగ్గిపోయిందా అనే దగ్గరే ఆగిపోయేదాన్ని. జబ్బు చరిత్ర అంతా ఉండేది ఆ చిన్న మాటల్లోనే. అందుకే ఎనిమిది వారాలు వాటి మీదే కూర్చున్నాను. నా తర్వాత వచ్చేవాళ్ళు నేను చేసిన తప్పులే మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నాను.

రాత గురించి ఒక మాట. తగాలోగ్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఎక్కడ నొక్కి పలుకుతారో అక్కడ వీలైనంత వరకు దీర్ఘం పెట్టాను. క ఖ గ ఘ తర్వాత వచ్చే ‘ఙ’ని మనం చిన్నప్పుడు పలక మీద దిద్ది వదిలేశాం కదా, ఇక్కడ అది రోజూ కావాలి. మాట మొదట్లో కూడా వస్తుంది: ఙయోన్ అంటే ఇప్పుడు.

దశ 1 (వారం 1, 2): ఇంగ్లిష్ జాబితా, ఫెయిల్

దొరికిన ప్రతి నోట్సులోంచి క్రియా విశేషణాలు ఏరి 62 కార్డులు రాశాను. ముందు వైపు ఇంగ్లిష్, వెనక వైపు తగాలోగ్. రోజుకి గంట పైనే చదివాను.

పరీక్ష ఇలా పెట్టుకున్నాను:

1. పేషెంటుతో మాట్లాడే 20 వాక్యాలు తెలుగులో రాసుకోవాలి.
2. చూస్తూ వెంటనే తగాలోగ్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేయాలి. ఆలోచించడానికి 10 సెకన్లు, అంతే.
3. ఇంటి ఓనరు తీతాకి వినిపించి మార్కులు వేయించాలి. (తీతా అంటే పిన్ని. పేరు పెట్టి పిలవకుండా అలాగే పిలుస్తాం.)

మొదటిసారి 20కి 7 వచ్చాయి. తప్పు పోయిన 13 విడదీసి చూస్తే: మాట ఉండాల్సిన చోట లేనివి 6, ‘నా’ (ఇక), ‘పా’ (ఇంకా) తారుమారైనవి 4, కాలం మాటలు 2, ‘ఎలా’ చెప్పే మాట 1. అర్థం తెలియక తప్పు పోయింది ఒక్కటీ లేదు. 62 కార్డులకీ అర్థం తెలుసు, అయినా వాక్యం నిలబడలేదు.

కారణం వింటుంటే తెలిసింది. నేను తెలుగు వాక్యాన్ని మనసులో ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్కడ్నుంచి తగాలోగ్‌లోకి తెస్తున్నాను. ‘పా’ అనే ఒక్క మాటకి ఇంగ్లిష్‌లో స్టిల్, యెట్, మోర్ అని మూడు కార్డులు పెట్టుకున్నాను. మూడింటికీ తెలుగులో ఉన్నది ఒక్కటే: ఇంకా.

*మొత్తం: కార్డులు 62, గంటలు 17, పరీక్ష 7/20.*

దశ 2 (వారం 3): 62 పక్కన పెట్టి 12

తగాలోగ్ వ్యాకరణంలో క్రియా విశేషణాన్ని పాఙ్-అబాయ్ అంటారు. అబాయ్ అంటే పక్కన తోడుగా నడిచే మనిషి, పెళ్ళిలో తోడు పెళ్ళికూతురు లాగా. వీటిలో ఇఙ్‌క్లితిక్ అని ఒక గుంపు ఉంది: ఒంటరిగా నిలబడవు, ముందున్న మాటని అంటిపెట్టుకునే ఉంటాయి. ఇంగ్లిష్ నుంచి వచ్చేవాళ్ళు వీటి దగ్గరే తలపట్టుకుంటారు. మనం పట్టుకోవక్కర్లేదు, వీటిలో చాలావరకు మన నోట్లో ఉన్నవే. ఈ 12 కార్డుల్లో ముందు వైపు తెలుగే రాశాను:

- అండి → పో
- ‑ఆ? (తిన్నారా) → బా
- ‑ట (వస్తాడట) → దావ్: దారతిఙ్ దావ్ సియా, వస్తాడట
- కూడా → దిన్
- అంతే, మాత్రమే → లాఙ్: ఇతో లాఙ్, ఇదొక్కటే
- ఇంకా → పా: ఇసా పా, ఇంకొకటి
- ఇక → నా: తామా నా, ఇక చాలు
- ముందు (ముందు తిందాం) → మూనా
- అనుకుంటా → యాతా: మే లగ్‌నాత్ యాతా, జ్వరం ఉందనుకుంటా
- ‑ఓ (ఎందుకో) → కయా: బాకిత్ కయా
- ఓహో, నువ్వా → పలా: ఇకావ్ పలా
- అవును, అదే → ఙా

‘పా, నా’ జంటని ‘ఇంకా, ఇక’ జంటగా చూడగానే నాలుగు తప్పుల ముడి విడిపోయింది. ఇంకా నొప్పిగా ఉంది: మసకిత్ పా. ఇక నొప్పి లేదు: హిందీ నా మసకిత్. (హిందీ అంటే ఇక్కడ కాదు, లేదు.) బయల్దేరేటప్పుడు ‘ఇక వెళ్తాను’ అంటాం కదా, అదే ఆఆలిస్ నా అకో. నాకు ఇంత హాయిగా అనిపించిన కార్డు మరొకటి లేదు.

దిన్, దావ్ మాటలకి ఒక సంధి కూడా ఉంది. ముందు మాట అచ్చుతో గానీ, య్, వ్ లతో గానీ ముగిస్తే ‘ద’ కాస్తా ‘ర’ అవుతుంది: మసకిత్ దిన్, కానీ అకో రిన్ (నేను కూడా). మాటల్లో జనం కలిపేస్తారు, రాసేటప్పుడు మాత్రం చూసుకోవాలి.

ఈ దశలో కొత్తగా పడ్డ రెండు తప్పులు, రెండూ తెలుగు వల్లే:

1. తెలుగులో ‘తిన్నారాండి’, ముందు ప్రశ్న, తర్వాత అండి. దాంతో ‘బా పో’ అని వచ్చేది. తగాలోగ్‌లో తిరగేయాలి, ఎప్పుడూ ‘పో బా’. ‘వచ్చారటండి’ వరస మాత్రం మనదే: దావ్ పో.
2. ‘కుమాయిన్ కా నా పో బా?’ అన్నాను. తీతా ఆపి దిద్దింది. కా అంటే నువ్వు. పో పెట్టి కా అనడం ‘నువ్వు తిన్నావా అండి’ అన్నట్టు ఉంటుంది. మీరుకి కయో ఉంది.

*మొత్తం: కార్డులు 12, గంటలు 24, పరీక్ష 9/20.* రెండే మార్కులు పెరిగాయి. ఎందుకంటే చోటు తప్పులు ఆరూ అలాగే ఉన్నాయి.

దశ 3 (వారం 4, 5): తాడు, బట్టల క్లిప్పులు

ఎక్కువ కాలం ఇక్కడే పట్టింది.

ఈ అంటిపెట్టుకునే మాటలు వాక్యంలో రెండో చోట ఉంటాయి. మొదటి మాట ఏదైనా సరే, క్రియ కావచ్చు, ‘హిందీ’ కావచ్చు, ప్రశ్న మాట కావచ్చు, దాని వెనకే అన్నీ వరసగా చేరాలి. మనకేమో అన్నీ వాక్యం చివర్లో క్రియకి తగిలించే అలవాటు. చదివితే అర్థమైంది కానీ నోరు తిరగలేదు. చేత్తో కదిపితే గానీ రాదనిపించి గదిలో అడ్డంగా తాడు కట్టాను. చీటీల మీద మాటలు రాసి బట్టల క్లిప్పులతో తగిలించాను. నాతో ఉండే కరీంనగర్ చెల్లెలు తలుపు దగ్గరే ఆగిపోయి “ఏందక్కా, బట్టలు లేని దండెం?” అంది. రెండో రోజుకి తను కూడా క్లిప్పులు మారుస్తూ కూర్చుంది.

మొదటి నమూనా: మొదటి మాట + సర్వనామం + నా/పా + మిగతావి. సగం వాక్యాలు సరిపోయాయి, సగం విరిగాయి. ‘కుమాయిన్ కా నా బా?’ (తిన్నావా?) బాగానే ఉంది. అదే లెక్కన ‘కుమాయిన్ కయో నా పో బా?’ అంటే తీతా తల అడ్డంగా ఊపింది. మూడు రోజులు ఎక్కడ తప్పో దొరకలేదు. సరైనవి ఓ వైపు, తప్పువి ఓ వైపు చీటీలు పేర్చి చూస్తే నాలుగో రోజు కనబడింది: తేడా అక్షరాలది. కా (నువ్వు), కో (నేను/నా), మో (నువ్వు/నీ) ఒక్క అక్షరం మాటలు, ముందుకెళ్తాయి. అకో (నేను), సియా (తను), కయో (మీరు), సిలా (వాళ్ళు) రెండక్షరాలవి, వెనక్కి పోతాయి. బరువు తక్కువవి ముందు, ఎక్కువవి వెనక.

మార్చిన తాడు, ఎడమ నుంచి కుడికి:

1. మొదటి మాట
2. కా, కో, మో
3. నా లేదా పా
4. ఙా, దిన్, లాఙ్, దావ్ (ఇదే వరసలో)
5. పో
6. బా
7. రెండక్షరాల మాటలు: మూనా, యాతా, పలా, కయా
8. అకో, సియా, కయో, కమీ (మేము), తాయో (మనం), సిలా
9. మిగతా వాక్యం

ఏడో చోటు మాటలు అప్పుడప్పుడు కాస్త జరుగుతాయి. మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం ఈ వరస పట్టుకుంటే చాలు.

తాడు మీద పెట్టి చూడండి. ‘కుమాయిన్ నా పో బా కయో?’ (తిన్నారా అండీ?): 1, 3, 5, 6, 8. ‘హిందీ కో పా పో అలామ్’ (నాకింకా తెలియదండి): 1, 2, 3, 5, 9. రెండో దాంట్లో అలామ్ దగ్గర ఉండాల్సినవన్నీ హిందీ వెనక్కి దూకేశాయి. ఈ దూకుడే అసలు సంగతి. వాక్యం మొదట్లో హిందీ పెట్టగానే క్లిప్పులన్నీ తీసి దాని వెనక పెట్టాలి. రోజూ పది వాక్యాలు ఇలా కాదనిపించాను.

ఇంకో గుంట కూడా ఉంది. ‘నేనింకా తినలేదు’ని ‘హిందీ పా అకో కుమాయిన్’ అన్నాను, తప్పు. కుమాయిన్ అంటే తినడం అయిపోయింది. ‘పా’తో కాదన్నప్పుడు జరుగుతున్న రూపం కావాలి: హిందీ పా అకో కుమాకాయిన్. తెలుగులో ‘తినలేదు’ అన్నది జరిగిపోయినదానిలా వినిపిస్తుంది కాబట్టి మన చెయ్యి తప్పు క్లిప్పు మీదికే పోతుంది. ఈ ఒక్క తప్పు నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

*మొత్తం: కార్డులు 12, క్లిప్పులు 24, గంటలు 41, పరీక్ష 13/20.*

దశ 4 (వారం 6 మొదట్లో): కహాపోన్ పా

ఇది వార్డులో జరిగింది. చిన్న పిల్లాడికి జ్వరం, తల్లి ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. “కయిలాన్ పా పో?” అని అడిగాను. “కహాపోన్ పా పో” అంది. కహాపోన్ అంటే నిన్న, నాకు తెలుసు. పా అంటే ఇంకా. అది పొసగలేదు, వదిలేసి ‘నిన్న జ్వరం’ అని రాశాను. సీనియర్ డాక్టర్ కాగితం చూసి, మళ్ళీ తల్లిని అడిగి, ‘నిన్నటి నుంచి’ అని దిద్దారు. నిన్న వచ్చి తగ్గిన జ్వరం వేరు, నిన్నటి నుంచి విడవని జ్వరం వేరు. ఆ పిల్లాడి ముఖం చూసుకుంటూ ఆ తేడా నేర్చుకున్నాను. నా ప్రశ్నలోనే ‘పా’ ఉంది, ‘ఎప్పట్నుంచి’ అనే దాని అర్థం. దాన్ని బట్టీ పట్టి వాడాను తప్ప విప్పి చూడలేదు.

గడిచిన కాలం మాట వెనక ‘పా’ వస్తే ‘నుంచి’. రాబోయే కాలం మాట వెనక వస్తే ‘అప్పటిదాకా కాదు’.

- కనీనా పా: ఇందాకట్నుంచి
- కహాపోన్ పా: నిన్నటి నుంచి
- నోఒఙ్ లూనేస్ పా: సోమవారం నుంచి
- బూకస్ పా: రేపు గానీ కాదు
- తత్లోఙ్ ఆరావ్ నా: మూడు రోజులైంది (ఇక్కడ నా, లెక్క పూర్తయిన చోట)

వీటితోపాటు కాదనే జంటలు: హిందీ నా (ఇక కాదు), హిందీ పా (ఇంకా కాదు), వలా నా (ఇక లేదు), వలా పా (ఇంకా లేదు). “మసకిత్ పా పో బా?” అని అడిగితే “హిందీ నా పో” అంటే తగ్గిపోయిందని. ఇందులో నా, పా తడబడితే రోగి పరిస్థితే తలకిందులవుతుంది. అందుకే ఈ తొమ్మిది కార్డులూ రెండేసి రాసి, ఒక సెట్ కోటు జేబులో పెట్టుకున్నాను.

*మొత్తం: కార్డులు 21, గంటలు 47. పరీక్ష పెట్టలేదు.*

దశ 5 (వారం 6, 7): కాలం

మన భాషే సాయం చేసింది. కనీనా అంటే ఇవాళే, కాస్త ముందు: ఇందాక. మమయా అంటే ఇవాళే, కాసేపయ్యాక. ఇంగ్లిష్ కార్డు మీద ‘లేటర్’ అని రాసుకున్నందుకు, వచ్చే వారానికి కూడా మమయా వాడేశాను. ఆ రోజు దాటితే మమయా పనికిరాదు. మొన్న, ఎల్లుండి అనే మాటలు మనకున్నట్టే వీళ్ళకీ ఉన్నాయి: కమకలవా, సా మకలవా. నిన్న రాత్రి: కగబీ.

పొద్దున్న ఒక్కటే, అతుకు రెండు రకాలు. కనీనాఙ్ ఉమాగా (ఇవాళ పొద్దున్న, అయిపోయింది), కహాపోన్ నాఙ్ ఉమాగా (నిన్న పొద్దున్న), బూకస్ నాఙ్ ఉమాగా (రేపు పొద్దున్న). వారాల విషయంలో నోఒఙ్ లూనేస్ అంటే గడిచిన సోమవారం, సా లూనేస్ అంటే రాబోయే సోమవారం.

బూకస్ అంటే రేపు. బుకాస్ అంటే తెరిచి ఉంది. వాళ్ళ రాతలో రెండూ ఒకేలా ఉంటాయి. మన దీర్ఘాలతో రాసుకుంటే ఆ గొడవ లేదు. కార్డుల వెనక తెలుగు లిపి వాడమని చెప్పేది ఇందుకే.

*మొత్తం: కార్డులు 34, గంటలు 56, పరీక్ష 16/20.*

దశ 6 (వారం 7): చోటు, తీరు, ఎంత తరచుగా

దీతో (నా దగ్గర), దియాన్ (నీ దగ్గర), దోఒన్ (ఇద్దరికీ దూరం). మనకి ఇక్కడ, అక్కడ అని రెండే కాబట్టి నడిమిది నోటికి రాదు. ఇది పుస్తకంలో కాదు, పొట్ట మీద నేర్చుకున్నాను. ఒక పెద్దాయన పొట్ట కుడివైపు కింద నొక్కి “దీతో పో బా?” అన్నాను. ఆయన “దియాన్ ఙా” అన్నాడు. పొట్ట ఆయనదే, అయినా నా చెయ్యి ఉన్న చోటు కాబట్టి దియాన్. తనే వేలు పెట్టి చూపించేటప్పుడు మాత్రం దీతో అన్నాడు.

తీరు చెప్పడానికి మనం మాట చివర ‘గా’ చేరుస్తాం. ఇక్కడ మాట ముందు ‘నాఙ్’ వస్తుంది: హుమిఙా పో కయో నాఙ్ మలాలిమ్, గట్టిగా ఊపిరి పీల్చండి. మాటని వాక్యం ముందుకు తెస్తే నాఙ్ పోయి, క్రియ ముందున్న మాటకి ‘ఙ్’ అతుకుతుంది: దాహన్-దాహన్ పో కయోఙ్ హుమిగా, మెల్లగా పడుకోండి. ‘లాగి’ (ఎప్పుడూ), ‘మదలాస్’ (తరచుగా), ‘బిహీరా’ (అరుదుగా) కూడా ఇలాగే: లాగి పో అకోఙ్ నహిహీలో, ఎప్పుడూ కళ్ళు తిరుగుతున్నాయండి. ‘మిన్సాన్’ (ఒక్కోసారి)కి మాత్రం ఈ అతుకు అక్కర్లేదు.

వాళ్ళ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు జాగ్రత్త: నాఙ్ అని పలికేవి రెండున్నాయి, ఒకటి రెండక్షరాల గుర్తు, ఒకటి నాలుగక్షరాలది. తీరు చెప్పడానికి నాలుగక్షరాలదే రాయాలి.

*మొత్తం: కార్డులు 45 (చోటు 3, తీరు 4, తరచు 4 కలిపి), గంటలు 63, పరీక్ష 17/20.*

దశ 7 (వారం 8): పరీక్షలోనే లోపం

17 చూసి సంతోషించాను కానీ, చెల్లెలు అడిగిన ప్రశ్నతో ఆగాను: “అవే ఇరవై కదక్కా, యాదికుండి చెప్తున్నవేమో?” నిజమే. అదే 20 వాక్యాలు ఐదుసార్లు చెప్పాను. తననే కొత్తవి 20 రాయమన్నాను. వచ్చినవి 13.

కొత్త తప్పులు ఏడు: ‘హిందీ పా’ తర్వాత క్రియ రూపం 3, రెండు మాటలు కలిసి వచ్చినప్పుడు వరస 2, దియాన్ 1, ‘ఙ్’ అతుకు 1. నా–పా తారుమారు సున్నా.

మీరు చేసేటట్టయితే ఇలా మార్చండి:

1. పరీక్ష వాక్యాలు ప్రతిసారీ వేరేవాళ్ళ చేత రాయించండి.
2. కార్డుల కంటే ముందు తాడు కట్టండి. నేను ఐదు వారాల్లో చేసింది మూడింటిలో అయిపోయేది.
3. దక్షిణాన ఉన్న దవావో నగరం వైపు వెళ్ళేవాళ్ళు ముందు అక్కడ వార్డులో ఏం మాట్లాడతారో కనుక్కోండి. అక్కడ ఎక్కువగా వినిపించేది బిసాయా. నా, పా, లాఙ్ పనికొస్తాయి గానీ నిన్న గహాపోన్, రేపు ఉగ్మా, ఇప్పుడు కరోన్. ‘పో’ అనేది ఆ భాషలో లేదు.

‘నమాన్’ అనే మాటని ఇందులో కలపలేదు. ‘నా నమాన్’ అంటే మళ్ళీనా అని, ఒంటరిగా ఉంటే పోలిక, మెత్తదనం, విసుగు, ఇలా చోటుని బట్టి మారుతోంది. వార్డులో విన్నప్పుడల్లా వాక్యం మొత్తం రాసుకుంటున్నాను, ఇప్పటికి 19 అయ్యాయి, 50 దాటాక కార్డులు చేస్తాను.

నిన్న మంచం ఖాళీగా ఉంటే ఆ పేషెంటు ఏమయ్యాడని అడిగాను. పక్క మంచం ఆవిడ చెప్పింది: “ఉమలిస్ నా రావ్ పో పలా సిలా.” వెళ్ళిపోయారటండీ, నాకూ ఇప్పుడే తెలిసింది అని. రాత్రి గదికొచ్చి ఆ మాటల్ని తాడు మీద పెట్టాను. 1, 3, 4, 5, 7, 8. ఒక్క క్లిప్పు కూడా జరపాల్సి రాలేదు.